గ్లోబు మీద దారం

పిల్లలు అమెరికా నుంచి బయల్దేరారంటే ఆ రాత్రి ఇక్కడ ఎవరికీ నిద్ర ఉండదు. ఫోనులో బుల్లి విమానం నత్తలా పాకుతుంటుంది, ఇంటిల్లిపాదీ దాన్ని చూస్తూ కూర్చుంటారు. గుంటూరులో ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు అలా కూర్చున్న వేళ, వెనక నుంచి వియ్యంకుడు తొంగిచూశాడు. "ఇదేంటి బావగారూ, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరు రమ్మంటే ఉత్తర ధ్రువం కేసి పోతోంది?"

మాస్టారికి చిర్రెత్తింది. వియ్యంకుడి మీద కాదు, బళ్లో గోడకు వేలాడే ప్రపంచ పటం మీద.

ఆ పటం మీద ఆయనది పాతకక్ష. 1569లో మెర్కేటర్ ఓడల వాళ్ల కోసం గీసిన పద్ధతి అది. దిక్సూచి పట్టుకుని ఒకే దిక్కున పోయేవాడికి వరమే. కానీ ధ్రువాల వైపు పోయేకొద్దీ నేల నూనెలో పూరీలా పొంగుతుంది. గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి సుమారు 14 రెట్లు. ముప్ఫయ్యేళ్లు ఆ పటం ముందే బెత్తం పట్టుకుని నిలబడ్డానే అని ఆయన బాధ. పటం మీద తిన్నగా గీసిన గీత దగ్గరి దారి కాదని ఏ పరీక్షలోనూ అడగలేదు, ఏ పిల్లాడూ నేర్చుకోలేదు.

బీరువా మీది గ్లోబు దిగింది. దుమ్ము దులిపారు. దారం కనబడక, వంటింట్లో ఆవకాయ జాడీకి వాసెన కట్టిన దారమే విప్పుకొచ్చారు. ఒక కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద, ఇంకో కొస బెంగళూరు మీద. బిగించి లాగితే దారం దానంతటదే పైకి జరిగి ధ్రువం దాపుల్లో ఆగింది. రెండు ఊళ్లకూ రేఖాంశాల్లో దాదాపు 160 డిగ్రీల తేడా మరి. కొలిస్తే 14,000 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. భూమి చుట్టుకొలతే 40,000. కాబట్టి ఏ రెండు విమానాశ్రయాలూ 20,000కు మించి దూరంగా ఉండే వీల్లేదు.

2021 జనవరి 9, శనివారం రాత్రి ఎయిరిండియా ఈ దారిలో తొలి విమానం నడిపింది. కాక్‌పిట్‌లో అందరూ మహిళలే, కెప్టెన్ జోయా అగర్వాల్. వాళ్లలో పాపగారి తన్మయి పేరు మాత్రం మాస్టారు కాస్త ఒత్తి పలుకుతారు. ప్రయాణం పదిహేడు గంటలే అయినా దిగేసరికి ఇక్కడ సోమవారం తెల్లవారుజాము.

"అయితే రోజూ పదిహేడు గంటలేనా?"

కాదు. దూరం మారదు కానీ గాలి మారుతుంది. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ ఏరులా పారుతుంటుంది. 2020 ఫిబ్రవరిలో, తుఫాను రోజుల్లో, బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. ఎదురుగాలిలో తిరిగి పోవాలంటే ఏడు గంటలు దాటుతుంది. అందుకే బెంగళూరు నుంచి వెళ్లేటప్పుడు ఒక్కోసారి దారం మాట పక్కనపెట్టి, చుట్టయినా సరే, పసిఫిక్ మీదుగా గాలివాటాన పోతారు.

వియ్యంకుడు తలూపాడు గానీ, చూపు గ్లోబు మీద లేదు. వాసెన ఊడిన జాడీ గుమ్మంలోంచి కనిపిస్తోంది. తిరిగి వెళ్లేటప్పుడు పెట్టెకు 23 కిలోలు. అందులో ఆవకాయ ఎంత, గోంగూర ఎంత, నూనె కారకుండా ప్యాకింగ్ ఏ కొట్లో బాగా చేస్తారు అన్న చర్చ మొదలైంది.

"అన్నట్టు బావగారూ, ఈ ఏడు కారం ఎక్కడ ఆడించారు?"

మాస్టారు గ్లోబు పక్కకు జరిపి, మిల్లు పేరు చెప్పడం మొదలుపెట్టారు.