గొడుగు వానకి కాదు... బూడిదకి!

ఆగస్టులో ఒక శనివారం. కగోషిమాలో దిగగానే నేను చేసిన మొదటి పని, చెమటకి తడిసిన చొక్కా ఉతికి బాల్కనీలో ఆరేయడం. పావుగంట కూడా కాలేదు, మేం దిగిన ఇంటి మామ్మగారు తలుపు కొట్టారు. చేతిలో నా చొక్కా! ఆవిడకి ఇంగ్లిష్ రాదు, నాకు జపనీస్ అంతంతమాత్రం. ఆవిడ చూపుడువేలితో కొండవైపు చూపించి, తర్వాత ఆ వేలినే గాల్లో మనవైపు తిప్పారు. 'గాలి ఇటు ఉంది, బట్టలు బయట వేయకు' అని. నేను నవ్వి ఊరుకున్నాను. గంట తర్వాత బాల్కనీ రెయిలింగ్ మీద వేలు పెట్టి గీస్తే నల్లటి గీత పడింది. అప్పుడు అర్థమైంది.

ఫుకువోకాలో ప్రాజెక్టు పని మీద ఆరు నెలలున్నాను. హకాటా స్టేషన్‌లో షింకన్‌సెన్ ఎక్కితే గంటన్నర లోపే కగోషిమా. క్యూషూ దీవికి దక్షిణపు కొస. సుమారు ఆరు లక్షల జనాభా. ట్రాములు, షాపింగ్ వీధులు, ఆఫీసులు... అన్నీ మామూలే. మామూలు కానిది ఒక్కటే. ఊరి ముందు సముద్రం, ఆ సముద్రంలో నాలుగు కిలోమీటర్ల దూరంలో పొగలు కక్కే అగ్నిపర్వతం! దాని పేరు సకురజిమా. ఎత్తు 1,117 మీటర్లు. ఇటలీలోని నేపుల్స్‌కి వెసూవియస్ ఎలాగో దీనికి సకురజిమా అలాగ. అందుకే కగోషిమాని 'తూర్పు నేపుల్స్' అంటారు. రెండూ సోదర నగరాలు కూడా.

గాలి ఎటుంటే ఆ రోజు అటు

మనం ఉదయాన్నే ఎండా, వానా అని చూసుకుంటాం. ఇక్కడ టీవీలో వాతావరణం చెప్పేటప్పుడు సకురజిమా పైన గాలి ఎటు వీస్తుందో కూడా చెప్తారు. బట్టలు ఆరేయాలా వద్దా, కారు కడగాలా వద్దా, కిటికీ తెరవాలా వద్దా అన్నీ దాన్నిబట్టే. కొండకి పడమట ఊరు ఉంది. శీతాకాలంలో వాయవ్యం నుంచి గాలి వీస్తుంది కాబట్టి బూడిద అవతల ఒసుమి ద్వీపకల్పం మీదికి పోతుంది. ఎండాకాలంలో గాలి తూర్పు నుంచి తిరుగుతుంది, బూడిదంతా ఊరి నెత్తిన. అంటే సరిగ్గా ఉక్కపోతకి కిటికీలు తెరవాలనిపించే రోజుల్లోనే తెరవకూడదన్నమాట!

ఈ బూడిద మన పొయ్యిలో బూడిద లాంటిది కాదు. రాయి, గాజు నలిగి పొడి అయినట్టు ఉంటుంది. నీళ్లలో కరగదు. కారు అద్దం మీద పడ్డప్పుడు తెలియక వైపర్ వేశామా, గీతలే గీతలు. వాన పడితే అది బురదై కాలవల్లో గట్టిపడుతుంది. అందుకే ఊడ్చి ఎత్తడానికి నగరపాలక సంస్థే ఇంటింటికీ పసుపు రంగు సంచులు ఇస్తుంది. వాటి పేరు 'కొకుహై బుకురో'. అంటే బూడిదని జయించే సంచి! మొదట్లో 'బూడిద రాలే సంచి' అని ఉండేదట, తర్వాత పేరు మార్చారు. నింపి, మూతికట్టి, నిర్ణయించిన చోట పెడితే బండి వచ్చి తీసుకెళ్తుంది. ఇంకో వింత, ఇక్కడ శ్మశానాల్లో సమాధులకి కూడా కప్పులు వేస్తారు. పోయినవాళ్ల మీద కూడా బూడిద పడనివ్వరు.

ఊరే ఒక పాత పేలుడు మీద

సకురజిమా అసలు కథ ఇంకా పాతది. సుమారు 30,000 ఏళ్ల కిందట ఇక్కడ ఒక భారీ పేలుడు జరిగి నేల కుంగిపోయింది. ఆ గొయ్యి పేరు ఐరా కాల్డెరా. అందులోకి సముద్రం వచ్చింది. కింకో ఖాతంలో ఉత్తరపు భాగం అదే. ఆ గొయ్యి అంచున తర్వాత పుట్టిన కొండే సకురజిమా. అంటే మనం చూసే కొండ పిల్ల, దాని తల్లి సముద్రం అడుగున ఉంది!

ఆ పేలుడులో పరుచుకున్న తెల్లటి మట్టిని 'షిరాసు' అంటారు. ఈ జిల్లాలో సగానికి పైగా నేల అదే. నీళ్లు పోస్తే నిలవవు, ఇట్టే ఇంకిపోతాయి. వరికి పనికిరాదు. అందుకే 1700ల మొదట్లో ఒకినావా వైపు నుంచి వచ్చిన చిలగడదుంప ఇక్కడివాళ్ల ప్రాణం నిలబెట్టింది. జపాన్ అంతా దాన్ని 'సత్సుమా ఇమో' అంటుంది. సత్సుమా అంటే ఈ ప్రాంతం పాత పేరు. ఇక్కడి షోచు సారా కూడా ఆ దుంపతోనే.

అక్షాంశం చూస్తే మన అమృత్‌సర్‌తో సమానం. కానీ పక్కనే కురోషియో అనే వెచ్చటి సముద్ర ప్రవాహం ఉండటంతో చలి తక్కువ, మంచు అరుదు. వాన మాత్రం అబ్బో! ఏడాదికి దాదాపు 2,400 మిల్లీమీటర్లు. మన విజయవాడకి రెట్టింపు పైమాటే. అందులో పావు వంతు ఒక్క జూన్‌లోనే. ఆ తర్వాత తుఫాన్ల కాలం. నీళ్లు తాగిన షిరాసు కొండచరియ ఒక్కసారిగా జారుతుంది. 1993 ఆగస్టు 6న అదే జరిగింది. చరియలు విరిగి, కొత్సుకి నది పొంగి, పదుల సంఖ్యలో మనుషులు పోయారు. నది మీదున్న అయిదు పాత రాతి వంతెనల్లో రెండు కొట్టుకుపోయాయి. మిగిలిన మూడింటినీ విప్పి తీసుకెళ్లి ఒక పార్కులో నిలబెట్టారు. కొండని చూసి భయపడే ఊరిని నిజంగా ముంచింది వాన. ఆ పార్కులో నిలబడ్డప్పుడు నాకు కాస్త మన ఊళ్లో ఉన్నట్టే అనిపించింది.

మెట్టెక్కని ద్వారం

రెండో రోజు సకురజిమాకి వెళ్లాను. ఫెర్రీలో పావుగంట. ఆ పావుగంటలోనే జనం గబగబా ఉడాన్ నూడుల్స్ తినేస్తారు, అదొక అలవాటు. అవతల నాలుగు వేల లోపు మంది ఉంటున్నారు. బడికి వెళ్లే పిల్లలకి హెల్మెట్లు. రోడ్డు పక్కన బస్‌షెల్టర్లలా కాంక్రీట్ గూళ్లు. రాళ్లు పడితే దూరడానికి. శిఖరం చుట్టూ రెండు కిలోమీటర్ల లోపలికి ఎవరినీ పోనివ్వరు. అయినా పొలాలున్నాయి. ప్రపంచంలోనే బరువైన ముల్లంగి రకం ఇక్కడిదే. 2003లో ఒకటి 31.1 కిలోలు తూగి గిన్నిస్‌కెక్కింది.

తూర్పువైపు కురొకామిలో ఒక గుడి ద్వారం ఉంది. మూడు మీటర్ల ఎత్తుండాల్సింది, మీటరు మాత్రమే కనిపిస్తుంది. వంగితే తప్ప కింద నుంచి పోలేం. 1914 జనవరి 12న మొదలైన పేలుడు దాన్ని ఒక్క రోజులో పూడ్చేసింది. తవ్వి తీయొద్దు, పిల్లలకి గుర్తుండాలి అని అలాగే వదిలేశారు. ఆ పేలుడు లావాతోనే 400 మీటర్ల జలసంధి పూడిపోయి, అప్పటిదాకా దీవిగా ఉన్న సకురజిమా ఒసుమి ద్వీపకల్పానికి అతుక్కుపోయింది.

నన్ను ఆపేసింది మాత్రం ఆ ద్వారం కాదు, ఒక బడి ఆవరణలోని రాయి. పేలుడుకి ముందు భూమి కంపించింది, బావుల్లో నీళ్లు మారిపోయాయి. ఊరి పెద్ద భయపడి నగరంలోని వాతావరణ కేంద్రాన్ని అడిగాడు. సకురజిమా పేలదని జవాబొచ్చింది. ఆ రోజుల్లో పరికరాలూ అంతంతమాత్రమే. ఆ మాట నమ్మి ఆయన జనాన్ని ఆపాడు. సొంతంగా పడవలెక్కిన ఊళ్లవాళ్లు బతికారు. ఆగినవాళ్లలో కొందరు చివరికి జనవరి చలిలో సముద్రంలోకి దూకి మునిగిపోయారు. పదేళ్ల తర్వాత రాయి వేశారు. లెక్కల మీద భారం వేసి కూర్చోకండి, తేడా కనిపిస్తే ముందు బయల్దేరండి అని దాని భావం.

మాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో మా నాయనమ్మ తన తమ్ముడిని పోగొట్టుకుంది. "తుఫానని రేడియోలో చెప్పార్రా. ఏటా చెప్పేదేగా అని ఊరుకున్నాం" అనేది. అక్కడ చెప్పినవాళ్లు తప్పు చెప్పారు, వీళ్లు నమ్మారు. ఇక్కడ చెప్పారు, మావాళ్లు నమ్మలేదు. నేను చేసే ఉద్యోగం కూడా సర్వర్లు పడిపోబోతే ముందే హెచ్చరిక పంపే ప్రోగ్రాములు రాయడం. ఎర్ర గుర్తు ఎక్కువసార్లు వస్తే జనం చూడటం మానేస్తారు, తక్కువ వస్తే అసలుది తప్పిపోతుంది. ఆ రాయి ముందు నిలబడి, నా పని మనుషుల ప్రాణాలతో అయితే ఎక్కడ గీత గీసేవాడినా అని ఆలోచించాను. జవాబు దొరకలేదు.

ఇక్కడివాళ్లు వెతుక్కున్న జవాబు ఇదీ. కొండ లోపల సొరంగాలు తవ్వి, నేల వంపులో వెంట్రుకవాసి తేడా కూడా కొలిచే పరికరాలు పెట్టారు. 1914లో ఖాళీ అయిన మాగ్మా చాలావరకు మళ్లీ నిండిందని శాస్త్రవేత్తలే చెప్తున్నారు. 2022 జులై 24న రాళ్లు రెండున్నర కిలోమీటర్ల దాకా పడితే, సకురజిమాలో తొలిసారి అత్యధిక హెచ్చరిక అయిదో స్థాయి ప్రకటించి దగ్గరి ఇళ్లవాళ్లని తరలించారు. ప్రాణనష్టం లేదు. అయినా ఏటా జనం పడవలెక్కడం సాధన చేస్తారు. పరికరాన్నీ నమ్ముతారు, పడవనీ సిద్ధంగా ఉంచుకుంటారు.

ఆఖరి రోజు పొద్దున్నే లేచేసరికి వీధంతా బూడిద. మామ్మగారు చీపురు పట్టుకుని తన గుమ్మం ఊడ్చి, ఆ ఊపులోనే పక్కింటి గుమ్మం కూడా ఊడ్చేస్తున్నారు. నేను పసుపు సంచి మూతి తెరిచి పట్టుకున్నాను. చిన్న సంచే, నిండాక ఎత్తబోతే నడుం పట్టేసింది. ఆవిడ పగలబడి నవ్వారు. తర్వాత చొక్కా చూపించి, ఆకాశం చూపించి, తల ఊపారు.

గాలి మారిందట. ఇవాళ ఆరేసుకోవచ్చు.