టోక్యో బజారులో దిండి అమ్మ

పురిటికి పుట్టింటికి రావాల్సిన కూతురు రాలేకపోతే అమ్మే బయల్దేరాలి. కూతురు రాజోల్లోనో హైదరాబాదులోనో ఉంటే సరే. టోక్యోలో ఉంటే? వశిష్ఠ గోదావరి ఒడ్డున, దిండి కొబ్బరిచెట్ల నీడన అరవయ్యేళ్లు గడిపిన అమ్మయినా విమానం ఎక్కక తప్పదు. పెట్టెలో పొడుల ప్యాకెట్లు సర్దుకోవచ్చు. పచ్చి కరివేపాకు, కూరగాయలు మాత్రం కుదరదు. తనిఖీ పత్రం లేకపోతే వాటిని జపాన్ విమానాశ్రయం దాటనివ్వరు.

మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి-కసాయి ప్రాంతంలో కందిపప్పూ చింతపండూ అమ్మే దుకాణాలున్నాయి. కానీ ప్రతిదానికీ అక్కడిదాకా పరిగెత్తలేరుగా! వీధి మలుపులోని సూపర్ మార్కెట్టే దిక్కు.

అక్కడ అమ్మకి భాషకన్నా పెద్ద అడ్డు... ప్యాకెట్. వంకాయ తొడిమ పట్టి చూసి, చేప మొప్ప ఎత్తి చూసి, బియ్యం అరచేతిలో పోసుకుని చూసి కొనే మనిషి ఆవిడ. అక్కడ అన్నిటికీ ప్లాస్టిక్ తొడుగే. చెయ్యి పనికిరాదు, ముక్కు పనికిరాదు. ఉప్పేదో పంచదారేదో కూడా తెలీదు. వంటింట్లో ఇన్నేళ్లూ మాట చెల్లిన మనిషి, ప్రతి పొట్లానికీ 'ఇదేంటమ్మా' అని పచ్చి బాలింతరాల్ని అడగాల్సి రావడం చిన్న కష్టమా?

ముందు బియ్యం సంగతి. బాలింతకి పాత బియ్యమే పెట్టాలన్నది మన పట్టు. కొత్త బియ్యం ముద్దవుతుంది, అరగదు అంటారు. జపాన్‌వాళ్ల లెక్క సరిగ్గా తిరగేసి ఉంటుంది. శరదృతువులో వచ్చే కొత్త బియ్యానికే అక్కడ గిరాకీ. 'షిన్‌మాయ్' అని సంచీ మీద గొప్పగా వేస్తారు. గింజ పొట్టి, అన్నం జిగురు. పుల్లలతో తినాలంటే మెతుకులు అతుక్కోవాలి మరి! మన కొలతలో ఎసరు పోస్తే అన్నం కాస్తా సంకటి అవుతుంది. నీళ్లు తగ్గించి వండితే మాత్రం పెరుగన్నానికి అంత మెత్తని బియ్యం ఇంకోటి లేదనిపిస్తుంది.

కూరల దగ్గర కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. బెండకాయ 'ఒకురా' పేరుతో చిన్న వల సంచుల్లో దొరుకుతుంది. 'సాతోయిమో' అంటే మన చేమదుంపే. 'షిషితో' అచ్చం పచ్చిమిరపకాయలా ఉంటుంది కానీ సాధారణంగా కారం ఉండదు. మామూలు రోజుల్లో అయితే మోసమే, పథ్యం రోజుల్లో మేలు. ఇక నీళ్ల ప్యాకెట్‌లో రబ్బరులా కదిలే బూడిదరంగు దిమ్మ 'కొన్యాకు'. మన కందకి దగ్గరి చుట్టమైన దుంప పిండిని సున్నంతో గట్టిపరిచి చేస్తారు. కంద బచ్చలి వండని ఇల్లుండని కోనసీమ నుంచి వెళ్లిన మనిషికి అది చూస్తే నవ్వు రాక మానదు.

చుట్టరికం ఉంది కదాని అన్నిటినీ నమ్మకూడదు. నువ్వుల నూనె కనిపించగానే ప్రాణం లేచొస్తుంది. కానీ అక్కడ మామూలుగా దొరికేది బాగా వేయించిన నువ్వులది. ముదురు రంగు, ఘాటైన వాసన. తాలింపుకి గరిటెడు పోస్తే కూరంతా అదే. దించేముందు చెంచాడు చాలు. తేనెరంగులో ఉండే 'మిరిన్' సీసాతో ఇంకా జాగ్రత్త. తియ్యగానే ఉంటుంది కానీ అసలైన 'హోన్ మిరిన్'లో సుమారు 14 శాతం ఆల్కహాలు ఉంటుంది. పాలిచ్చే తల్లి ఉన్న ఇంట్లో అడగకుండా బుట్టలో వేసుకునే వస్తువు కాదది.

శాకాహారులు గమనించాల్సింది 'దాషి'. జపాన్ పులుసులకీ సూపులకీ ఇదే మూలం. ట్యూనా జాతి చేపని ఉడికించి, పొగబెట్టి, చెక్కలా ఎండబెట్టి తురుముతారు. ఆ తురుమో పొడో చాలా ప్యాకెట్లలో ఉంటుంది. చేప వద్దనుకుంటే 'కొంబు' అనే సముద్రపు నాచు ఒక్కటే వాడుకోవచ్చు. 1908లో కికునే ఇకెడా అనే శాస్త్రవేత్త ఈ నాచు రుచి గుట్టు విప్పితేనే అజినొమోటో పుట్టింది.

అమ్మ మనసుకి దగ్గరయ్యేది మాత్రం 'ఉమెబోషి'. పుల్లటి ఉమె పండ్లని ఉప్పులో ఊరేసి, మాగాయ ముక్కల్లాగే మండుటెండలో ఆరబెడతారు. ఒంట్లో బాగోనివాళ్లకి గంజిలాంటి అన్నంలో అదే నంజుకోడానికి పెడతారు. పథ్యమంటే ఏమిటో ఆ దేశానికీ తెలుసన్నమాట!

చివరగా చల్లపెట్టెల వరసలో రొయ్యలు. పచ్చి సరుకు ఏ దేశానిదో లేబులు మీద రాసి తీరాలన్నది అక్కడి నిబంధన. 1990ల్లో మన చెరువుల టైగర్ రొయ్యకి పెద్ద కొనుగోలుదారు జపానే. ఇప్పటికీ అక్కడి అరల్లో మన దేశపు రొయ్య కనిపిస్తుంది. ఏ చెరువుదో ప్యాకెట్ చెప్పదు కానీ, దేశం పేరు చెబుతుంది... 'ఇండో' అని. వాళ్ల లిపిలో మూడే అక్షరాలు. కూతురు ఒక్కసారి చూపిస్తే చాలు, అమ్మ మర్చిపోదు. బాలింతకి కాకపోయినా అల్లుడికి వేపుడవుతుంది కదా! మూడు అక్షరాలు వచ్చాక ఉప్పు, పంచదార నేర్చుకోవడం ఎంతసేపు?