మన్నారు చీకటిలో జానెడు సొరచేప

రామేశ్వరం నుండి తూత్తుకుడి వరకు మన్నారు సింధుశాఖ అంచున 21 దీవులు పగడపు దిబ్బల నడుమ బారులు తీరి ఉంటాయి. అక్కడి నిస్సారమైన నీటిలో సూర్యకిరణం అడుగును తాకుతుంది. దీవులను దాటి సాగేకొద్దీ సముద్రం ముదురు నీలమవుతుంది. ఖండతీరపు అంచు ముగిసి వాలు ఆరంభమవుతుంది. 200 మీటర్లకు దిగువన పట్టపగలు సైతం అసురసంధ్యే. 300 మీటర్ల వద్ద నీటి ఒత్తిడి, భూమిపై మనం భరించే వాయుభారానికి సుమారు 30 రెట్లు.

ఆ బురదనేలపై బ్రతికే జీవి ఎరిడాక్నిస్ రాడ్‌క్లిఫీ. సొరచేప అనగానే స్ఫురించే భీకరరూపం దీనికి లేదు. జానెడు దేహం, మిక్కిలి పెద్దది సైతం 24 సెంటీమీటర్లే. గోధుమవన్నె మేను, నల్లని పట్టీలు గల రిబ్బనువంటి తోక. చిరుచేపలు, రొయ్యజాతి జీవులు, కొద్దిగా స్క్విడ్‌లు దీని ఆహారం. టాంజానియా తీరం మొదలు బంగాళాఖాతం, అండమాన్‌ల మీదుగా ఫిలిప్పీన్స్ వరకు, 71 నుండి 766 మీటర్ల లోతులలో ఇది కానవచ్చింది.

1907–10 మధ్య ఫిలిప్పీన్స్ జలాలను శోధించిన అమెరికా నౌక ‘ఆల్బట్రాస్’ సేకరించిన చేపలను పరిశీలించి, హ్యూ స్మిత్ 1913లో దీనికి నామకరణం చేశాడు. మన్నారులో దొరికిన వాటి గర్భస్థ శిశువుల పెరుగుదలను భారతీయ శాస్త్రజ్ఞులు ఆర్. వి. నాయర్, కె. కె. అప్పుకుట్టన్ 1974లో వర్ణించారు.

ఈ సొర కథలోని విశేషమంతా ఆ గర్భంలోనే ఉంది. లక్షల గుడ్లు విడిచి విధికి వదిలివేసే చేపల మార్గం దీనిది కాదు. ఒక కాన్పులో ఒకటి లేక రెండు పిల్లలు. పుట్టిన పిల్ల పొడవు దాదాపు 11 సెంటీమీటర్లు, అంటే తల్లిలో ఇంచుమించు సగం! ఆహారం అరుదైన చీకటిలో బలమైన బిడ్డే తల్లికి భరోసా.

కాని ఆ భరోసా వలల యుగానికి ముందునాటిది. ఈ శతాబ్ది ఆరంభం నుండి కొల్లం, తూత్తుకుడి మరబోట్లు ఎర్రని లోతునీటి రొయ్యల కోసం ఆ వాలును జల్లెడ పడుతున్నాయి. 1986లో ఏర్పడిన జాతీయోద్యానం దీవులకు, వాటి చుట్టూ గల లోతులేని నీటికే పరిమితం. వాలు మీది చీకటికి సరిహద్దు రాయి లేదు.

వల పైకి వచ్చాక రొయ్యలు బుట్టలలోకి చేరతాయి. జానెడు సొర చిల్లర చేపల కుప్పలో పడుతుంది. దాని కడుపులో ఇంకా లోకం చూడని రెండు ప్రాణాలు ఉండవచ్చునని ఆ కుప్పను చూచి ఎవరూ ఊహించలేరు.