సంతకానికి ముందు...

టెక్కలి దగ్గర రావివలసలో ఓ అమ్మనే తీసుకోండి. పగలంతా కూలి పని. సాయంత్రం సర్కారు బడిలో మీటింగు. ‘ఇక్కడ సంతకం పెట్టమ్మా’ అంటే పెట్టేస్తుంది. చదువుకోనిదాన్ని, నాకేం తెలుసన్న జంకు!

చట్టం మాత్రం ఆమెను అలా చూడలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. బడుగు వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటివ్వాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేదీ, వచ్చిన నిధుల ఖర్చును గమనించేదీ ఆ కమిటీయే.

సమగ్ర శిక్ష నిధుల్లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40. ‘ఎంతొచ్చింది? దేనికి ఖర్చయింది?’ అని అడగడానికి అక్షరాలు రానక్కర్లేదు. మరుగుదొడ్డికి తలుపు లేదని బడికెళ్లే కూతురు చెబితే చాలు.

సంతకం ఆ తర్వాతే.