పాత బండి, పాత సామాను



మెట్ల కింద గోనెపట్టా కప్పుకుని నిలబడ్డ బజాజ్ చేతక్‌లు మన ఊళ్లలో ఇంకా చాలానే ఉన్నాయని మీ ఉత్తరాలు చూస్తే తెలుస్తోంది. నాన్నగారు బుక్ చేసి, ఏళ్ల తరబడి ఎదురుచూసి కొన్న బండిని పాత ఇనుముకు వేయాలంటే మనసొప్పదు. షెడ్డుకు తీసుకెళ్తే ఈకాలం కుర్రాడు దానికి పానాలు లేవంటాడు. అందుకే ఈసారి పానాల సంగతే రాస్తున్నాను.

1972లో మొదలైన చేతక్‌కి పునాది ఇటలీ వెస్పా. 57 మి.మీ. సిలిండరు, అంతే స్ట్రోకు, 145 సీసీ ఇంజను. దాన్ని విప్పడానికి వాడే ప్రత్యేక పనిముట్ల పేర్లు వింటే బెదురు పుడుతుంది గానీ, వాటిలో చాలావాటి పని ఒక్కటే: తిరిగేదాన్ని తిరగకుండా పట్టుకోవడం. అది అర్థమైతే మిగతాది మన పాత సామాను డబ్బాలోనే దొరుకుతుంది.

మ్యాగ్నెట్టు నట్టే చూడండి. పానా పెట్టి తిప్పబోతే నట్టుతోపాటు మ్యాగ్నెట్టూ తిరుగుతుంది. తొందరలో ఉన్నవాళ్లు ఫ్యాను రెక్కల మధ్య స్క్రూడ్రైవరు దూర్చి ఆపుతారు. రెక్క పుటుక్కుమంటుంది. రెక్క పోయిన మ్యాగ్నెట్టు బ్యాలెన్సు తప్పి ఆ తర్వాత ఇంజన్నే వణికిస్తుంది. అసలు ఆపాల్సింది పిస్టన్ని. కొందరు పాత ప్లగ్గు పింగాణీ పగలగొట్టి, మిగిలిన 14 మి.మీ. మరల గుల్లలో బోల్టు దించి వెల్డింగ్ పెట్టిస్తారు. పనిచేస్తుంది. కానీ ప్లగ్గు ఏటవాలుగా కూర్చునే హెడ్డులో ఆ బోల్టు పిస్టన్ నెత్తిన ఒక పక్కనే తగిలి గుంట పెడుతుంది. నా ఓటు బట్టలారేసే నైలాన్ తాడుకే. ప్లగ్గు రంధ్రంలోంచి దాన్ని చుట్టలు చుట్టలుగా లోపలికి దించితే, పైకొచ్చే పిస్టన్ మెత్తగా ఆగిపోతుంది.

ఇక్కడ ఒక్క మాట, బండి టూస్ట్రోక్ కాబట్టి. సిలిండరు గోడలకే పొగ పోయే దారీ, పెట్రోలు గాలి వచ్చే దారులూ ఉంటాయి. పిస్టన్ కిందున్నప్పుడు తాడు వదిలితే ఆ దారుల్లోకి దూరుతుంది, పైకొస్తున్న పిస్టన్ దాన్ని కత్తెరలా పట్టేస్తుంది. అందుకని ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు ఉంచి, నట్టు ఊడే వైపుకే మ్యాగ్నెట్టును చేత్తో తిప్పండి. గాలి వేలిని గట్టిగా తోసిందంటే దారులన్నీ మూసుకున్నట్టు. అప్పుడు తాడు దించండి. ఒక కొస మాత్రం బయటే ఉండాలి.

క్లచ్ నట్టుకీ ఇదే తాడు. అయితే అది ఇంజనుకు అవతలి పక్కన, వెనక చక్రం చాటున ఉంటుంది కాబట్టి ఊడే దిశ మ్యాగ్నెట్టు నట్టుకు ఎదురవుతుంది. తాడు తీసి, మళ్లీ వేలు పెట్టి చూసుకుని దించాలి. ఆ నట్టుకు ఆరు పలకలుండవు, నెత్తిన గాళ్లుంటాయి. మామూలు పానా పట్టదు. విప్పిన చాలా ఇంజన్లలో ఆ గాళ్ల మీద ఉలి దెబ్బలు కనిపిస్తాయి, ఏ ఊళ్లో రిపేరు చేశారో గానీ పద్ధతి మాత్రం ఒకటే! దానికి బదులు అరిగిన బాక్సు పానా ఒకటి తీసుకుని, నాలుగు పళ్లు మిగిలేలా అంచుని గ్రైండరుతో కోసి, ఆకురాయితో సరిచేయండి. నీళ్ల పైపు ముక్క వద్దు, దాని ఇనుము మెత్తన, పళ్లు వంగిపోతాయి. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో పాత బాక్సు పానా దొరక్కపోదు.

క్లచ్ బయటికొచ్చాక లోపలి స్ప్రింగుల్ని అణచాలి. పొడవాటి బోల్టు, నట్టు, రెండు పెద్ద వాషర్లు చాలు. మధ్య రంధ్రంలో బోల్టు దూర్చి, నట్టు బిగించుకుంటూ పోతే స్ప్రింగులు అణిగి సర్‌క్లిప్పు వదులవుతుంది. బోల్టు పొడవులో పిసినారితనం పనికిరాదు. తిరిగి వదులు చేసేటప్పుడు స్ప్రింగులు పూర్తిగా సాగేదాకా నట్టు మరల మీదే ఉండాలి, లేకపోతే సామానంతా మొహం మీదికి ఎగురుతుంది.

ప్లగ్గు గ్యాపుకి గేజీ లేదా? హాక్సా బ్లేడు వెన్ను మందం సుమారు 0.63 మి.మీ., మనకు కావలసింది 0.6. పళ్ల వైపు పెట్టకండి, అక్కడ వెడల్పు ఎక్కువ. కాంటాక్ట్ పాయింట్లు సరిగ్గా ఎప్పుడు విడుతున్నాయో తెలియాలంటే సిగరెట్ చుట్టే పల్చటి కాగితం ముక్క మధ్యలో పెట్టి మెల్లగా లాగుతూ ఉండండి. జారిన క్షణమే విడిన క్షణం.

రెండుచోట్ల మాత్రం నాటు తెలివి పక్కన పెట్టండి. కార్బొరేటర్ జెట్టులో సైకిల్ చువ్వ, గుండుసూది పోనివ్వొద్దు. ఇత్తడి అరిగి రంధ్రం పెద్దదైతే బండి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. కరెంటు వైరులోంచి తీసిన రాగి పోగు ఒకటి చాలు. రెండోది చక్రం. చేతక్ రిమ్ము రెండు ముక్కలు. గాలి మొత్తం తీయకుండా వాటిని కలిపే నట్లు వదులు చేస్తే ఏ పనిముట్టూ మిమ్మల్ని కాపాడదు. అక్కడ సరైన కొలత పానానే కొనండి.

కేబుళ్ల గురించి అడిగినవాళ్లకి వచ్చే ఉత్తరంలో జవాబిస్తాను. ఈలోగా మీరు చేసుకున్న పనిముట్టు ఏదైనా ఉంటే బొమ్మ గీసి, కొలతలు వేసి పంపండి. ఫొటో కంటే బొమ్మే నయం, వెల్డింగ్ షాపులో చూపించడానికి పనికొస్తుంది.

ఉంటాను,
మీ మిత్రుడు