వెనుక యిరుసు గంతులు

హిందూపురమునుండి ధర్మవరమునకు ఖాళీగా పోవునపుడెల్ల, పెనుకొండ దారి మిట్టలయందు మా పాత పికప్పు బండి వెనుక యిరుసు దడదడ గంతులు వైచుచుండెను. నేరము డ్రైవరు కాలిదే యనిరి. ఆయనను తొలగింపవలెనను మాటయు వచ్చెను. ఇసుకబస్తాలు వేయుడని మఱికొందఱు. బరువు గంతును దాచునే గాని మాన్పదు.

ఇంజను త్రిప్పుబలమునకు కమాను పట్టీలు మెలివడును. చక్రము జాఱగానే చివ్వున మరలును. పట్టు చిక్కగా తిరిగి మెలివడును. ఆ దడదడ యిదియే. మేస్త్రి చూడగా, పట్టీలను ఇరుసునకు బిగించు యూ-బోల్టులు సడలియుండెను, బుష్షులు అరిగియుండెను, షాకబ్జర్లనుండి నూనె కారుచుండెను. ఈ రెంటిని మార్చి, బండి బరువు చక్రములపై నిలిపి బోల్టులు బిగించెను. కొంతదూరము నడచినపిదప మరల బిగించెను. ఈ రెండవ బిగింపునే పలువురు మఱతురు. అప్పటికిని మానకున్నచో ఇరుసునుండి చట్రమునకు ఉక్కుకడ్డీ కట్టుట కలదు, మాకక్కఱ లేకపోయెను.

డ్రైవరు ఆయనయే, ఆయన కాలును మునుపటిదే.