చప్పుడు లేని ధార

కుళాయి కారితే ఇంట్లో ఎవరో ఒకరు లేచి కట్టేస్తారు. బకెట్లో టప్ టప్ మని చుక్క పడుతుంటే ఎవరికీ నిద్ర పట్టదు. ఫ్లష్ ట్యాంకు కారడం అలా కాదు. పింగాణీ గోడ వెంబడి వెంట్రుకంత ధార జారుతుంటుంది. వెలుతురు పక్కవాటుగా పడితేనే కంటికి ఆనుతుంది. పగటి సందడిలో దాని ఊసే తెలియదు. అర్ధరాత్రి దాటాక, ఎవరూ వాడని బాత్రూములోంచి ట్యాంకు తనంతట తానే కాసేపు నీళ్ళు పట్టుకుని ఆగిన చప్పుడు వినిపిస్తుంది. అది విన్నాక ఊరుకోకూడదు.

పది నిమిషాలకు ఒక్క లీటరు పోతోందనుకుందాం. గంటకు ఆరు, రోజుకు 144. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది మన దేశంలో నీటి సరఫరాకు పెట్టుకున్న ప్రమాణం. అంటే కంటికి కనబడని మనిషి ఒకరు మనింట్లో అదనంగా కాపురముంటున్నట్టే.

హైదరాబాదులో ఉండేవాళ్ళకు ఈ లెక్క ఇంకా బరువుగా తగలాలి. మా వీధికి వచ్చేవి కృష్ణ నీళ్ళు. నాగార్జునసాగర్ నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం 590 అడుగులు. నగరం ఉన్నదేమో సముద్రమట్టానికి దాదాపు 1,700 అడుగుల ఎత్తున. మధ్యలో వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. దారిలో కోదండాపూర్‌లో శుద్ధి చేసి, మోటార్లతో అంచెలంచెలుగా ఎత్తిపోస్తే గాని ఆ నీళ్ళు మా సంపులోకి చేరవు. సంపులోంచి మేడమీది ట్యాంకుకు ఎక్కించడానికి ఇంకో మోటారు. అన్ని వందల అడుగులు ఎక్కి వచ్చిన నది, చివరి రెండడుగులు జారి మురుగులో కలిసిపోతోంది. ఆ పైపులు వచ్చిందీ నల్లగొండ జిల్లా మీదుగానే. ఫ్లోరైడు నీళ్ళు తాగి కాళ్ళు వంకరపోయిన మనుషులు తరాల పాటు బతికిన నేల అది. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆ సన్నటి ధారను చూడడం నాకు కష్టంగా ఉంటుంది.

బిల్లు చూసి కనిపెడదామంటే అదీ కుదరదు. 2021 జనవరిలో మొదలైన ఉచిత నీటి పథకంలో నెలకు 20,000 లీటర్ల దాకా బిల్లుండదు. అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల ఫ్లాటుకో మీటరు కూడా ఉండదు. ఎవరింట్లో పోయినా అందరి నీళ్ళే.

ఇలా కారని తొట్టి కూడా ఒకప్పుడు ఉండేది. పాత రైల్వే క్వార్టర్లలో తలమీద ఎత్తున ఇనప తొట్టి ఉండేది, గొలుసు లాగేవాళ్ళం. దాని లోపల గంటలాంటి బరువైన ఇనప టోపీ. గొలుసు లాగి వదిలితే నీరు ఆ టోపీలోంచి పైకి లేచి, నిలువు గొట్టం అంచు దాటి కిందికి దూకేది. అడుగున మూత లేదు, రబ్బరు లేదు. గొట్టం అంచు నీటిమట్టానికి పైన ఉంటుంది కాబట్టి గొలుసు లాగనిదే నీరు అంచు దాటదు. బ్రిటన్‌లో చాలాకాలం ఇలాంటి సైఫన్ తొట్లే పెట్టాలని నిబంధన ఉండేది. అడుగున వాల్వు ఉన్నవాటిని 2001 నుంచి గాని ఒప్పుకోలేదు. ఇప్పటి రెండు మీటల ట్యాంకులు ఒకసారికి మూడు లీటర్లతోనో ఆరు లీటర్లతోనో పని కానిస్తాయి. మంచివే. కాని ఆ పొదుపంతా అడుగునున్న ఒక్క వాషర్ మీద నిలబడి ఉంది.

దాన్ని బయటికి తీయడం పెద్ద పని కాదు. యాంగిల్ కాక్ కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, మూత తీసి, మధ్యలోని ప్లాస్టిక్ వాల్వును కాస్త తిప్పి పైకి లాగితే చాలా రకాల్లో ఊడి వస్తుంది. కింద నల్లటి రబ్బరు చక్రం. మా ఇంట్లో దాని అంచంతా నీళ్ళలోని సున్నం తెల్లగా, గరుకుగా పేరుకుంది. ఒక్కచోట మాత్రం గోటితో గీరినంత మేర కోసుకుపోయింది. నీళ్ళన్నీ పోయింది ఆ గోటంత దారినే. హార్డ్‌వేర్ షాపతను నేను వాషర్ కావాలనగానే, “పాతది తెచ్చినవా అన్నా? ఇవి తలా ఓ సైజుంటయి” అన్నాడు. తెచ్చింది చేతిలో పెట్టాను. గోడకు వేలాడుతున్న గుత్తిలోంచి ఒకటి తీసి, పాతదాని మీద ఆనించి చూసి ఇచ్చాడు. వాషర్ కూర్చునే చోట సున్నాన్ని నిమ్మచెక్కతో రుద్ది, కొత్తది బిగించి నీళ్ళు వదిలితే గోడ ఆరిపోయింది.

మీ ఇంట్లోనూ చూడండి. ముందు మూత తీసి, నీరు ఓవర్‌ఫ్లో గొట్టం అంచుకు ఒక అంగుళమైనా కింద ఆగుతోందా లేదా గమనించండి. ఆగకపోతే బాల్ కాక్ దించాలి. ఆగితే కాస్త నీలిమందు ట్యాంకులో కలిపి, అరగంట దాకా ఎవరినీ వాడవద్దనండి. కింద నీలం దిగిందంటే వాషర్ పోయినట్టే. ప్లంబరు వచ్చేదాకా యాంగిల్ కాక్ కట్టేసి, బకెట్‌తో పోసుకోండి.